వెబ్ డెవలప్‌మెంట్, డిజైన్ కాలేజీలో చదవాలనుకుంటే: కోర్సు ఎంపిక నుంచి చివరి ప్రాజెక్టు దాకా

కోర్సు పేరులో ‘వెబ్’ అని ఉన్నంత మాత్రాన అన్ని కాలేజీల్లోనూ ఒకే చదువు ఉండదు. ఒకచోట మూడేళ్లు ప్రోగ్రామింగ్ చెప్పి, వెబ్‌సైట్ల పని ఒక్క సెమిస్టర్‌లో ముగిస్తారు. ఇంకోచోట అక్షరాలు, రంగులు, లేఅవుట్లు బాగా నేర్పుతారు గానీ కోడ్ జోలికి పోరు. మరోచోట రెండూ కలిపి చెబుతారు, దేంట్లోనూ లోతుకు వెళ్లరు. చేరిన తర్వాత ఈ సంగతి తెలిస్తే ఒక ఏడాది వృథా అయినట్టే. అందుకే ఇక్కడి వరుస ఇలా పెట్టాం: ముందు మీకేం కావాలో చేతులతో పని చేసి తేల్చుకోండి, తర్వాత సిలబస్ చదవండి, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టండి. దరఖాస్తు గడువుకు కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టాలి. పోర్ట్‌ఫోలియో అడిగే కాలేజీలైతే ఏడాది ముందే.

1. ఒకే పేరు కింద నాలుగు పనులు

రైలు టికెట్ బుక్ చేసే పేజీని తీసుకుందాం. ప్రయాణికులు ముందు ఏం వెతుకుతారు, ఏ వివరం ఎప్పుడు అడగాలి, తేదీ తప్పుగా ఇస్తే ఏమని చెప్పాలి అని మనుషులతో మాట్లాడి, నమూనాలు గీసి, వాటిని వాళ్లతోనే వాడించి చూసేది యూఎక్స్ డిజైనర్. అక్షరాల సైజు, ఖాళీలు, రంగులు, బటన్ల తీరు తేల్చేది యూఐ డిజైనర్. ఆ గీతల్ని హెచ్‌టీఎంఎల్ (పేజీ నిర్మాణం), సీఎస్‌ఎస్ (రూపం), జావాస్క్రిప్ట్ (స్పందన, లెక్కలు) అనే భాషలతో బ్రౌజర్‌లో నిలబెట్టేది ఫ్రంటెండ్ డెవలపర్. ఒకే సీటును ఇద్దరు ఒకే క్షణంలో నొక్కినా ఒక్కరికే దక్కేలా సర్వర్‌నీ డేటాబేస్‌నీ నడిపేది బ్యాకెండ్ డెవలపర్.

చిన్న సంస్థల్లో ఒక్కరే రెండు మూడు పనులు చేస్తుంటారు. కాలేజీ చదువు మాత్రం ఎప్పుడూ ఏదో ఒక పక్కకు ఒరిగే ఉంటుంది. ఆ ఒరుగు మీకు సరిపోతుందా అన్నదే అసలు ప్రశ్న.

2. దరఖాస్తుకు ముందు ఆరు వారాల పరీక్ష

ఏ పని మీకు నచ్చుతుందో వీడియోలు చూస్తే తెలియదు. రెడీమేడ్ టెంప్లేట్లు వాడకుండా ఒక్క సైటు మొదటి నుంచి చివరి దాకా కట్టి చూడాలి. రోజుకు గంటన్నర కూర్చుంటే ఆరు వారాలు సరిపోతాయి. కావాల్సినవి విజువల్ స్టూడియో కోడ్ లాంటి ఉచిత ఎడిటర్, ఒక బ్రౌజర్, సందేహం వస్తే చూసుకోవడానికి ఈ భాషల వివరాలన్నీ ఉండే ఎండీఎన్ వెబ్ డాక్స్ సైటు. అంతే.

మొదటి వారం కంప్యూటర్ ముట్టుకోవద్దు. నిజంగా సైటు అవసరం ఉన్నవాళ్లను ఎంచుకోండి: ఒక చిన్న గ్రంథాలయం, ఆటల క్లబ్బు, పాఠాల నోట్సు పంచుకోవాలనుకునే టీచరు. నాలుగు పేజీలు మించొద్దు. రాయాల్సిన మాటలన్నీ ముందే రాసి, కాగితం మీద ఫోన్ తెరకూ, పెద్ద తెరకూ విడివిడిగా గీయండి. మాటలు తర్వాత చూసుకుందాంలే అని ఉత్తుత్తి వాక్యాలతో డిజైన్ మొదలుపెడితే ఏమవుతుందంటే, శీర్షికకు మూడు పదాలు పట్టే పెట్టె గీస్తారు, అసలు శీర్షిక తొమ్మిది పదాలు వస్తుంది, కింద ఉన్నవన్నీ జరిగిపోతాయి.

రెండో వారం హెచ్‌టీఎంఎల్ ఒక్కటే. రంగూ రూపూ లేకుండా శీర్షికలు, పేరాలు, జాబితాలు, లింకులు, ఒక ఫారం. పేజీ వికారంగానే ఉంటుంది, ఉండనివ్వండి. పైనుంచి కిందికి చదివితే అర్థమవుతుందా అన్నదే ఈ వారం కొలత. ఇక్కడ ఒక్క విషయం దగ్గరగా చూడాలి. ‘పంపు’ అనే బటన్‌ను బటన్ ట్యాగ్‌తో (ట్యాగ్ అంటే పేజీలో ఒక్కో భాగం ఏంటో చెప్పే హెచ్‌టీఎంఎల్ గుర్తు) కాకుండా, ఉత్త పెట్టె లాంటి మామూలు డివ్ ట్యాగ్‌తో చేసి, రంగు వేసి, క్లిక్ చేస్తే పనిచేసేలా పెట్టొచ్చు. మౌస్‌తో చూస్తే తేడా కనిపించదు. ఇప్పుడు మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీ నొక్కుతూ వెళ్లండి. డివ్ దగ్గర ఆగదు. ఎంటర్ నొక్కినా ఏమీ జరగదు. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని చెప్పదు. బటన్ ట్యాగ్ వాడితే ఇవన్నీ బ్రౌజరే చూసుకుంటుంది. ఈ తేడా ఆసక్తిగా అనిపిస్తే మీలో ఫ్రంటెండ్ మనిషి ఉన్నట్టే.

ఫారంలో ‘మీ పేరు’ అన్న మాటను గడి లోపలే లేత రంగులో పెట్టి, పైన లేబుల్ తీసేయడం ఇంకో మామూలు పొరపాటు. టైపు చేయగానే ఆ మాట మాయమవుతుంది. ఆరు గడులు నింపాక ఒకటి తప్పని చెబితే, ఏ గడి దేనికో గుర్తుండదు.

మూడో వారం సీఎస్‌ఎస్. ఒక్క ఫాంటు, రెండు రంగులు. ఖాళీలకు 4, 8, 16, 24, 32, 48 పిక్సెళ్లు తప్ప వేరే కొలత వాడొద్దు. చూస్తూ చూస్తూ 13, 19, 27 అని పెట్టుకుంటూ పోతే పేజీ ఎందుకు అతుకుల బొంతలా ఉందో చెప్పలేం. పేరా అక్షరాలు 16 పిక్సెళ్లకు తగ్గొద్దు, బ్రౌజర్లు మామూలుగా ఇచ్చే సైజు కూడా అదే. తెలుగులో రాస్తే వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్‌కు పెట్టినంత చాలదు. పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి అక్షరాల సైజుకు 1.2 రెట్లు పెడితే పై వరుస వత్తూ కింది వరుస గుడీ ఒకదాన్నొకటి తాకుతాయి. 1.6 నుంచి 1.8 మధ్య పెట్టి చూడండి.

రంగుల దగ్గర కంటిని నమ్మొద్దు, కొలవండి. తెల్లటి నేపథ్యం మీద 999999 అనే కోడ్ ఉన్న బూడిద రంగు అక్షరాలు మంచి తెర మీద నాజూగ్గా కనిపిస్తాయి. వాటి కాంట్రాస్టు, అంటే నేపథ్యంతో వెలుగు తేడా, సుమారు 2.85కి 1. సైట్లు వైకల్యం ఉన్నవాళ్లు కూడా వాడగలిగేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణం మామూలు సైజు అక్షరాలకు అడిగేది కనీసం 4.5కి 1, పెద్ద అక్షరాలకు 3కి 1. అదే బూడిదను 767676 దాకా ముదురు చేస్తే 4.54 వస్తుంది, గట్టెక్కుతుంది. ఎండలో ఫోన్ పట్టుకుని చదివేవాళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది.

నాలుగో వారం ఫోన్. సీఎస్‌ఎస్ అంతా సరిగా ఉన్నా పేజీ ఫోన్‌లో చీమంత అక్షరాలతో వస్తే, హెడ్ భాగంలో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ మరిచిపోయారన్నమాట. అది లేకపోతే మొబైల్ బ్రౌజర్ పేజీని సుమారు 980 పిక్సెళ్ల వెడల్పు అనుకుని గీసి, తెరకు పట్టేలా కుదిస్తుంది. ఆ తర్వాత కిటికీని 320 పిక్సెళ్ల దాకా సన్నబరిచి చూడండి. అడ్డంగా స్క్రోల్ చేయాల్సి వస్తే ఎక్కడో ఒక వస్తువుకు స్థిరమైన వెడల్పు ఇచ్చేశారు. ఫొటోల సంగతీ ఇప్పుడే చూడాలి. ఫోన్ కెమెరా తీసిన 4000 పిక్సెళ్ల వెడల్పు ఫొటో మూడు నాలుగు మెగాబైట్లు ఉంటుంది. పేజీలో అది కనిపించేది 800 పిక్సెళ్ల చోట. 1600కి తగ్గించి వెబ్‌పీ రూపంలో దాచుకుంటే చాలా ఫొటోలు 300 కిలోబైట్లలోపే వస్తాయి, చూపుకు తేడా ఉండదు.

ఐదో వారం జావాస్క్రిప్ట్. పెద్ద పని వద్దు. రెండు గడుల్లో అంకెలు తీసుకుని కూడి చూపించే చిన్న లెక్క చేయండి. 5, 3 ఇస్తే 8 రావాలి, మీకు 53 వస్తుంది. ఫారం గడిలోంచి వచ్చేది అంకె కాదు, పాఠం (టెక్స్ట్). ప్లస్ గుర్తు రెండు పాఠాలను పక్కపక్కన అతికించింది. ముందు అంకెగా మార్చుకుని కూడాలి. ఇలాంటిదే మరొకటి: ‘తెలుగు’ అన్న మాట పొడవెంతని జావాస్క్రిప్ట్‌ను అడిగితే 6 అంటుంది. మన కంటికి మూడక్షరాలే. త, ల, గ అనే హల్లులను, వాటి మీది మూడు గుర్తులను అది విడివిడిగా లెక్కపెట్టింది. పేరు గడికి ‘పది అక్షరాలు మించొద్దు’ అని పెట్టిన ఫారం, తెలుగు పేరును సగంలో ఎందుకు ఆపేస్తుందో దీనితో అర్థమవుతుంది.

ఆరో వారం సైటును నెట్‌లో పెట్టండి. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ నేర్చుకుని గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టొచ్చు. మీ కంప్యూటర్‌లో చక్కగా కనిపించిన ఫొటో అక్కడ కనిపించకపోతే ముందుగా ఫైలు పేరు చూడండి. విండోస్ పేర్లలో పెద్దబడి, చిన్నబడి ఇంగ్లిష్ అక్షరాలను ఒకటిగానే చూస్తుంది, చాలా సర్వర్లు వేరువేరుగా చూస్తాయి. అన్ని పేర్లూ చిన్నబడిలో, ఖాళీలు లేకుండా పెట్టుకుంటే ఈ బాధ రాదు. తర్వాత ఐదుగురిని పిలిచి ఒక్కొక్కరికీ ఒక పని చెప్పండి, ‘ఆదివారం ఎన్నింటికి తెరుస్తారో కనుక్కోండి’ లాంటిది. పక్కన కూర్చుని చూడండి, ఏమీ చెప్పొద్దు. వేలు ఎక్కడ తడబడిందో రాసుకోండి. సాయం చేయకుండా నోరు మూసుకుని కూర్చోవడం ఈ ఆరు వారాల్లో అన్నిటికంటే కష్టమైన పని.

ఇప్పుడు తీర్పు. మొదటి, ఆరో వారాలు మీకు హుషారుగా గడిచాయంటే మీరు యూఎక్స్ వైపు మనిషి. మూడో వారంలో టైం తెలియలేదంటే విజువల్ డిజైన్, అంటే యూఐ. రెండు, నాలుగు అయితే ఫ్రంటెండ్. 53 ఎందుకు వచ్చిందో తెలిసేదాకా నిద్రపట్టలేదంటే ప్రోగ్రామింగ్ గట్టిగా ఉన్న చదువు చూసుకోండి. ఏ వారమూ పట్టలేదంటే అది కూడా ఫీజు కట్టకముందే తెలిసిన మంచి సమాచారం.

3. ఏ రకం చదువు

కంప్యూటర్ సైన్స్ పట్టాలో డేటా స్ట్రక్చర్లు, ఆల్గారిథమ్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్‌లు, డేటాబేస్‌లు, గణితం ఉంటాయి. వెబ్ పాఠాలు ఒకటో రెండో. బ్యాకెండ్ వైపు వెళ్లేవాళ్లకు, తర్వాత దారి మార్చుకునే వీలు కావాలనుకునేవాళ్లకు ఇదే బలమైన పునాది. డిజైన్ చదువు సొంతంగా చేసుకోవాలి.

కమ్యూనికేషన్ డిజైన్, ఇంటరాక్షన్ డిజైన్ పట్టాల్లో స్టూడియో పని ఎక్కువ. వారానికి వారం పని గోడకు తగిలించి అందరి ముందూ విమర్శ వినాలి. ఆ విమర్శ ఇంట్లో కూర్చుంటే దొరకదు, ఈ చదువుకు విలువ తెచ్చేది అదే. కోడ్ మాత్రం విడిగా నేర్చుకోవాలి.

వెబ్ పేరుతోనే ఉన్న పట్టాల్లో రెండూ ఉంటాయి, నాణ్యతలో తేడాలు కూడా వీటిలోనే ఎక్కువ. ఏడాది, రెండేళ్ల డిప్లొమాలు త్వరగా పనిలోకి దింపుతాయి. అప్పటికే ఒక పట్టా ఉన్నవాళ్లకు బాగా నప్పుతాయి. ఇంటర్ స్థాయి చదువు ముగించి నేరుగా వచ్చేవాళ్లు మాత్రం, ఆ డిప్లొమా క్రెడిట్లను తర్వాత పట్టా కోర్సులో లెక్కలోకి తీసుకుంటారా లేదా అని రాతపూర్వకంగా కనుక్కోవాలి.

4. సిలబస్ చదివే పద్ధతి

కాలేజీ బ్రోచర్ పక్కన పెట్టి సెమిస్టర్లవారీ పూర్తి సిలబస్ తెప్పించుకోండి. మూడు రంగుల పెన్నులు తీసుకుని కోడ్ పాఠాలకు ఒకటి, డిజైన్ పాఠాలకు ఒకటి, మిగతా వాటికి ఒకటి గీత గీయండి. ఒక్కో రంగు కింద క్రెడిట్లు కూడండి. కోర్సు పేరు ఏం చెప్పినా ఆ మూడు అంకెలే నిజం చెబుతాయి.

తర్వాత పాఠాల లోపలికి వెళ్లండి. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్‌కు కనీసం ఒక పూర్తి సెమిస్టర్ ఉండాలి. అందులో ఈనాటి లేఅవుట్ పద్ధతులైన ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్ అన్న మాటలు కనిపించాలి. ఇంకా లేఅవుట్‌కు టేబుల్ ట్యాగులు నేర్పుతుంటే, అడోబీ 2020 డిసెంబర్ 31తో ఆపేసిన పాత యానిమేషన్ సాధనం ఫ్లాష్ పేరు ఉంటే ఆ సిలబస్‌ను ఎన్నో ఏళ్లుగా ఎవరూ ముట్టుకోలేదన్నమాట. డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్‌తో డేటాబేస్ ఒక సెమిస్టర్ ఉండాలి. బ్రౌజర్‌లో చిరునామా కొట్టినప్పటి నుంచి పేజీ వచ్చేదాకా ఏం జరుగుతుందో చెప్పే నెట్‌వర్క్ పాఠం, అంటే డీఎన్ఎస్, హెచ్‌టీటీపీ, సర్టిఫికెట్లు ఉండాలి. డిజైన్ వైపు టైపోగ్రఫీ, లేఅవుట్, యూజర్ టెస్టింగ్ ఉండాలి. యాక్సెసిబిలిటీ (వైకల్యం ఉన్నవాళ్లూ వాడగలగడం) అన్న మాట ఎక్కడా లేకపోతే అది పెద్ద లోటే. డబ్ల్యూసీఏజీ 2.2 వచ్చింది 2023లో, కానీ ఆ ప్రమాణం మొదటి రూపం 1999 నాటిది. కొత్త విషయం కాబట్టి చేర్చలేదు అనడానికి లేదు.

ఫ్రేమ్‌వర్క్‌ల (పని త్వరగా అయ్యేలా ముందే రాసిపెట్టిన కోడ్ చట్రాల) పేర్లు చూసి మోసపోవద్దు. 2006లో వచ్చిన జేక్వెరీ కొన్నేళ్లపాటు వెబ్ పని అంటే అదే అన్నంతగా నడిచింది. 2013లో రియాక్ట్ బయటికి వచ్చాక దృష్టంతా అటు మళ్లింది. మీరు చదువు ముగించేనాటికి ఇంకేదో రావచ్చు. మరోపక్క వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధన కేంద్రంలో పెట్టిన, మామూలు హెచ్‌టీఎంఎల్‌తో రాసిన 1991 నాటి మొదటి వెబ్‌సైటు పేజీలు ఈనాటి బ్రౌజర్‌లోనూ తెరుచుకుంటాయి, లింకులు నొక్కితే పనిచేస్తాయి. సిలబస్‌లో ఏడు ఫ్రేమ్‌వర్క్‌ల పేర్లున్న కోర్సు కంటే, ఒక్క ఫ్రేమ్‌వర్క్, గట్టి జావాస్క్రిప్ట్, నెట్‌వర్క్‌లు, డేటాబేస్ ఉన్న కోర్సే మేలని మా గట్టి అభిప్రాయం. మొదటిది చదివినవాళ్లు ఫ్రేమ్‌వర్క్ మారిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

కాలేజీని అడగాల్సినవి ఇవి:

విద్యార్థులు చేసిన సైట్లు ఇప్పుడు నెట్‌లో ఎక్కడ చూడొచ్చు? లింకులు ఇస్తే మీ ఫోన్‌లో తెరవండి, ట్యాబ్ కీతో తిరిగి చూడండి.
వెబ్ పాఠాలు చెప్పేవాళ్లలో ఆ పని చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు ఎంతమంది?
ఒక్కో పాఠానికి ల్యాబ్, స్టూడియో గంటలు ఎన్ని? కోడ్‌ను కాగితం మీద రాయించే పరీక్షకు మార్కులెన్ని, ప్రాజెక్టుకెన్ని?
బయటి సంస్థ కోసం చేసే ప్రాజెక్టు ఉందా? ఇంటర్న్‌షిప్ తప్పనిసరా, కాలేజీయే చూపిస్తుందా, మనమే వెతుక్కోవాలా?
సిలబస్ చివరిసారి ఎప్పుడు మార్చారు, ఏం మార్చారు?

వీలైతే రెండో ఏడాది విద్యార్థి ఒకరితో మాట్లాడండి. మొదటి ఏడాదివాళ్లకు ఇంకా ఏమీ తెలిసి ఉండదు, చివరి ఏడాదివాళ్లు ఉద్యోగాల తొందరలో ఉంటారు.

5. పోర్ట్‌ఫోలియో

డిజైన్ వైపు మొగ్గే కోర్సులు దీన్ని అడుగుతాయి. మూడు నుంచి ఐదు పనులు చాలు. పదిహేను పెడితే చూసేవాళ్లు మీ బలహీనమైన పనిని బట్టి కూడా అంచనా వేస్తారు. ఆరు వారాల్లో చేసిన సైటు అందులో మొదటిది కావచ్చు. మిగతావన్నీ వెబ్ పనులే అవ్వాల్సిన పని లేదు. పోస్టరు, చేతిరాత అక్షరాలు, పనిచేసే చిన్న ఆట, ఏదైనా సరే మీరు ఆలోచించిన తీరు అందులో కనిపించాలి.

ఒక్కో పనికి ఐదు భాగాలు పెట్టండి: సమస్య ఏంటి, ఎవరికి, మొదటి గీతలు, వదిలేసిన ప్రయత్నాలు, చివరి రూపం. వదిలేసినవి దాచేయొద్దు. ఎంపిక చేసేవాళ్లు ఎక్కువసేపు ఆగేది అక్కడే, ఎందుకంటే చివరి రూపాన్ని ఎక్కడి నుంచైనా చూసి చేయొచ్చు, కొట్టివేసిన గీతలు మాత్రం మీ బుర్రలోంచే రావాలి.

రాసే తీరు ఎంత తేడా తెస్తుందో చూడండి. ‘గ్రంథాలయానికి ఆధునికమైన, ఆకట్టుకునే సైటు చేశాను’ అన్న వాక్యంలో చూసేవాళ్లకు తెలిసిందేమీ లేదు. దాని బదులు ఇలా రాయొచ్చు: ‘గ్రంథాలయానికి వచ్చే ఐదుగురిని అడిగితే నలుగురు సైటు తెరిచేది పనివేళల కోసమే అన్నారు. అవి మూడో పేజీలో ఉన్నాయి. మొదటి పేజీ పైకి తెచ్చాను. మళ్లీ చూపిస్తే ఐదుగురూ స్క్రోల్ చేయకుండానే కనుక్కున్నారు. సెలవు రోజుల జాబితా మాత్రం ఇద్దరికి దొరకలేదు, అది ఇంకా సరిచేయాలి.’ చివరి వాక్యం తీసేయాలనిపిస్తుంది. తీసేయొద్దు.

పేరున్న కంపెనీ హోంపేజీకి కొత్త రూపం ఇవ్వడం చాలా పోర్ట్‌ఫోలియోల్లో ఉంటుంది. ఆ కంపెనీ ఎందుకలా పెట్టుకుందో మనకు తెలియదు కాబట్టి అది పైపై అలంకరణగానే మిగులుతుంది. మీకు తెలిసిన మనిషి చిన్న ఇబ్బందిని తీర్చిన పని దానికంటే బరువైనది. కలిసి చేసిన పనిలో మీ వంతు ఏదో స్పష్టంగా రాయండి. డిజైన్లు గీసే సాధనం ఫిగ్మా లింకు మాత్రమే పంపితే అనుమతులు సరిగా లేక తెరుచుకోకపోవచ్చు. పీడీఎఫ్ కూడా జతచేసి, లాగిన్ కాని వేరే ఫోన్‌లో రెండూ తెరిచి చూసుకున్నాకే పంపండి.

6. గణితం, బొమ్మలు, కంప్యూటర్

డిజైన్, ఫ్రంటెండ్‌కు శాతాలు, నిష్పత్తులు, నిరూపకాలు వస్తే రోజువారీ పని నడుస్తుంది. కంప్యూటర్ సైన్స్‌కు డిస్క్రీట్ మ్యాథమేటిక్స్, సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా తప్పవు. గణితమంటే భయంతో డిజైన్‌కు, బొమ్మలు రావనే భయంతో కోడ్‌కు వెళ్లేవాళ్లు చాలామంది. వెబ్ డిజైన్‌కు కావాల్సిన బొమ్మ పెట్టెలు, గీతలు, బాణాలు. కొన్ని డిజైన్ కాలేజీల ప్రవేశ పరీక్షలో మాత్రం డ్రాయింగ్ ఉంటుంది, అక్కడికైతే సాధన చేయక తప్పదు.

ల్యాప్‌టాప్‌కు 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ హాయిగా సరిపోతాయి. 8 జీబీతో మొదలుపెట్టొచ్చు గానీ ఎడిటర్, ఫిగ్మా, బ్రౌజర్ ట్యాబులు, లోకల్ సర్వర్ ఒకేసారి తెరిస్తే మొరాయిస్తుంది. ట్యాబ్లెట్ ఒక్కటే ఉంటే ఈ చదువు సాగదు. పాత ఫోన్ ఒకటి పారేయకుండా ఉంచుకోండి. మీ సైటు నెమ్మదైన ఫోన్‌లో ఎలా నడుస్తుందో అదే చెబుతుంది.

7. చేరిన తర్వాత, ఏడాదివారీగా

మొదటి ఏడాది ఒకే సర్వర్ భాష పట్టుకోండి. కాలేజీలో పైథాన్ చెబితే పైథాన్, జావా చెబితే జావా. సమాంతరంగా ఇంకో రెండు మొదలుపెడితే మూడింట్లోనూ ‘హలో వరల్డ్’ దగ్గరే తిరుగుతుంటారు. ఏఐ సాధనాలు అందరి చేతుల్లోనూ ఉన్నాయి. వాటితో రాయించిన కోడ్‌లో ప్రతి వరుసా ఏం చేస్తుందో మీ మాటల్లో చెప్పగలిగితే ఉంచండి, చెప్పలేకపోతే తీసేసి మీరే రాయండి. మొదటి ఏడాది ఈ కట్టుబాటు లేకపోతే రెండో ఏడాది డీబగ్గింగ్ దగ్గర ఇరుక్కుపోతారు. ఎర్రర్ మెసేజ్ మొదటి వరుస నుంచీ ఓపిగ్గా చదవడం అలవాటు చేసుకోండి.

రెండో ఏడాది డేటాబేస్. నేర్చుకోవడానికి మంచి చిన్న ప్రాజెక్టు కోర్సుల నమోదు. విద్యార్థులు ఒక టేబుల్, కోర్సులు ఒక టేబుల్. ఒక విద్యార్థి చాలా కోర్సులు తీసుకుంటారు, ఒక కోర్సులో చాలామంది ఉంటారు, అందుకని మధ్యలో నమోదుల టేబుల్. కోర్సుల పేర్లను కామాలతో కలిపి విద్యార్థి వరుసలోనే ఇరికించినవాళ్లు, ‘ఈ కోర్సులో ఎవరెవరున్నారు’ అని అడగగానే చిక్కుల్లో పడతారు. పాస్‌వర్డ్‌లను ఉన్నవి ఉన్నట్టు దాచొద్దు. బీక్రిప్ట్ లాంటి హాష్ పద్ధతి (వెనక్కి మార్చలేని రూపంలో దాచేది) వాడాలి. వాడుకరి టైపు చేసింది ఎస్‌క్యూఎల్ వాక్యంలో నేరుగా అతికించొద్దు, పారామీటర్ల ద్వారానే పంపాలి.

బృంద ప్రాజెక్టులు మొదలయ్యేది కూడా ఇప్పుడే, మనస్పర్థలు వచ్చేదీ ఇప్పుడే. నలుగురూ రెండు వారాలు విడివిడిగా పనిచేసి చివరి రాత్రి కలుపుదామంటే గిట్‌లో పదుల కొద్దీ కాన్‌ఫ్లిక్టులు (ఒకే చోట ఇద్దరు చేసిన వేరువేరు మార్పులు) వస్తాయి, ఎవరో ఒకరి పని చెరిగిపోతుంది. ఒక బ్రాంచిలో (విడిగా పెట్టుకున్న మార్పుల పాయలో) ఒకటి రెండు రోజుల పనికి మించి పెట్టుకోకుండా రోజూ కలుపుకోండి. ఏపీఐ రహస్య కీ (బయటి సేవను వాడుకోవడానికి ఇచ్చే పాస్‌వర్డ్ లాంటిది) పొరపాటున గిట్‌లో చేరితే, ఫైలు తీసేసి మళ్లీ కమిట్ చేస్తే చాలదు, పాత చరిత్రలో అది అలాగే ఉంటుంది. వెంటనే ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి.

మూడో ఏడాది ఇంటర్న్‌షిప్. దరఖాస్తులో మూడు పనులకు మించి లింకులు ఇవ్వొద్దు, మూడూ ఫోన్‌లో వేగంగా తెరుచుకోవాలి. గూగుల్ చెప్పే కోర్ వెబ్ వైటల్స్ కొలతలు పెట్టుకోండి: తెర మీది అన్నిటికంటే పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కినదానికి 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి, లేఅవుట్ కదలిక అంకె 0.1 దాటొద్దు. ఫొటోలకు వెడల్పు, ఎత్తు ముందే రాస్తే ఈ మూడోది చాలావరకు అదుపులో ఉంటుంది. రాయకపోతే ఫొటో రాగానే కింది పేరా జారిపోయి, చదువుతున్న వరుస పోతుంది.

చివరి ఏడాది ప్రాజెక్టు నిజమైన సంస్థ కోసం చేయండి. మొదటి సమావేశంలోనే మూడు సంగతులు కాగితం మీద పెట్టండి: ఏయే పేజీలు, మార్పులు ఎన్నిసార్లు, మాటలూ ఫొటోలూ ఎవరు ఏ తేదీకి ఇస్తారు. విద్యార్థి ప్రాజెక్టులు ఎక్కువగా ఆగేది కోడ్ దగ్గర కాదు, ‘ఫొటోలు వచ్చే వారం పంపిస్తాం’ అన్న మాట దగ్గర. డొమైన్, హోస్టింగ్ ఖాతాలు ఆ సంస్థ పేరు మీదే తీయించండి. మీ పేరు మీదుంటే మీరు వెళ్లిపోయాక రెన్యువల్ చేసేవాళ్లు లేక సైటు ఆగిపోతుంది. ఒక కొత్త వార్త చేర్చడం, ఒక ఫొటో మార్చడం, పనివేళలు సరిదిద్దడం, ఈ మూడింటికీ ఒక పేజీలో వివరం రాసి, అక్కడి మనిషి చేత మీ ముందే ఒకసారి చేయించండి.

పట్టా చేతికి రాకముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. గిట్‌హబ్, ఫిగ్మా ఖాతాలు కాలేజీ ఈమెయిల్‌తో తెరిచి ఉంటే సొంత ఈమెయిల్‌కు మార్చుకోండి. చాలా కాలేజీలు విద్యార్థి వెళ్లిపోయాక ఆ ఈమెయిల్ మూసేస్తాయి. పాస్‌వర్డ్ మరిచిపోయిన రోజున దాన్ని మార్చుకునే మెయిల్ ఆ మూసేసిన చిరునామాకే వెళ్తుంది, నాలుగేళ్ల పని మీ కళ్లముందే ఉన్నా తెరవడానికి దారి ఉండదు.